ఆట కుదించొద్దన్న మేస్త్రి

మా మేస్త్రి పోయాడు. వాళ్ళ ఊరు పద్మనాభం నుంచి పనికి వస్తూ, బస్సులో కిటికీ పక్క సీట్లో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. ఆటోనగర్‌లో లేతు మిషన్ నడిపే ఆయన ఫోన్ చేసి, "మేస్త్రి ఎల్లిపోనాడు బావ, కండక్టరు లేపితే గానీ ఎవులికీ తెల్నేదు" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఎదురుగా ఉన్న గోడను పిడికిలితో గుద్దాను. రెండోసారి కూడా గుద్దాను. మూడోసారి మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. చిటికెన వేలు విరిగిందన్నాడు డాక్టరు. ఆ కట్టుతోనే ఇది రాస్తున్నాను.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్ళుంటే ఆయనకి ఎడమ కన్ను లేని సంగతి కూడా ఎరుగుదురు. అదెలా పోయిందని ఆటోనగర్‌లో ఎవరినడిగినా ఒకే కథ చెబుతారు. ఆయుధ పూజ రోజున పనిముట్టు పట్టాడు, ఆట మిషన్‌లో మోసం పెట్టాడు, జనం చితకబాదారు, కన్ను పోయింది. పన్నెండేళ్ళుగా ఇదే కథ నడుస్తోంది. ఇది అబద్ధం. ఆ రోజు మిషన్‌లో చెయ్యి పెట్టింది నేను. ఆయన బతికుండగా చెప్పవలసిన మాట ఇది, కానీ నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

తొంభైల్లో గాజువాకలో తిరిగినవాళ్ళకి మా వీడియో గేముల షాపు గుర్తుండవచ్చు. జంక్షన్‌కి కాస్త లోపలగా, సైకిల్ షాపు మీద మేడ. ఆరు మిషన్లు. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి తణుకు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకు ఉద్యోగం రాలేదు, ఈ షాపు పెట్టాను. ఆరు మిషన్లూ మేస్త్రి చేతి పనే. ఆటోనగర్‌లో ప్లైవుడ్ పెట్టెలు కొట్టించి, పాత టీవీల పిక్చర్ ట్యూబులు ఏరుకొచ్చి, మద్రాసు నుంచి నేను తెప్పించిన బోర్డులు బిగించేవాడు. ఆడేవాళ్ళు పట్టుకునే కర్రకి మాత్రం లారీ గేరు రాడ్డు మీద ఉండే గుండు తగిలించాడు. మామూలుది అయితే మనవాళ్ళ చేతుల్లో వారం కూడా ఆగదట.

నిజమే. మా దగ్గరికి వచ్చేవాళ్ళు కాంట్రాక్టు కూలీలు, పోర్టు లారీల డ్రైవర్లు, ఆటోనగర్ వెల్డర్లు. అందరికీ కావలసింది ఒకటే ఆట. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఒకళ్ళనొకళ్ళు చావగొట్టుకునే ఆట. చివర్లో కొమ్ముల టోపీ పెట్టుకుని ఒక భీకరమైన మనిషి వస్తాడు. వాడికి మా వాళ్ళు దున్నపోతు అని పేరు పెట్టారు. పగలంతా సూపర్‌వైజరు చేత తిట్లు తిన్నవాడు వచ్చి, రూపాయి బిళ్ళ వేసి, దున్నపోతు మూతి పగిలేదాకా గుద్ది, చెమట తుడుచుకుని మెట్లు దిగేవాడు.

"ఆడి కోపం ఇక్కడ ఒంపేసి ఎల్తన్నాడు బావ. ఇంటికెల్లి పెళ్ళాన్ని కొట్టడు. మన షాపు పెట్టింది అందుకే అనుకో" అనేవాడు మేస్త్రి.

నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అయినా నన్ను బావ అనే పిలిచేవాడు. చెప్పులు విడిచి గానీ మిషన్ వెనక పలక తెరిచేవాడు కాదు. పని చేస్తున్నంతసేపూ స్క్రూలన్నీ పెదాల మధ్య పెట్టుకుని, వాటి సందుల్లోంచే మాట్లాడేవాడు. మధ్యాహ్నం స్టీలు డబ్బాలోంచి చోడంబలి తాగి, ఉల్లిపాయ కొరికి, మిషన్ పక్కనే పావుగంట నిద్రపోయేవాడు. చుట్టూ గుద్దులు, అరుపులు, బూతులు. ఆయన గురక మాత్రం ఆగేది కాదు.

బోర్డు మూలన బియ్యపు గింజంత తెల్లటి మీటలు ఒక వరసగా ఉంటాయి. ఒక బిళ్ళకి ఎన్ని లైఫులివ్వాలి, శత్రువు ఎంత గట్టిగా కొట్టాలి, ఎన్ని దెబ్బలకి చావాలి, అన్నీ ఆ మీటలే చెబుతాయి. మేస్త్రి ప్రతి మిషన్‌కీ మూడు లైఫులు పెట్టేవాడు. మొదటి ఇద్దరు శత్రువుల్నీ మెత్తగా ఉంచేవాడు. ఎందుకని అడిగితే స్క్రూల మధ్యలోంచే చెప్పాడు.

"గెలిసినోడు రేపొత్తాడు బావ. ఓడిపోయినోడు ఎల్లుండొత్తాడు. మోసపోయినోడు మాత్రం రాయట్టుకునొత్తాడు."

నేను నవ్వాను. అప్పట్లో నాకు ఆదివారం క్యూ ఒక్కటే కనిపించేది. మెట్ల కింద దాకా జనం. పైన ఒకడు ఒక్క బిళ్ళ వేసి అరగంట ఆడుతుంటాడు. వాడు బాగా ఆడుతున్నాడు కాబట్టి ఆడుతున్నాడు, వాణ్ణి చూడ్డానికే సగం జనం వచ్చారు. కానీ నా కళ్ళకి వాడు నా కుర్చీలో కూర్చున్న దొంగలా కనపడేవాడు. వాడి కాలర్ పట్టుకుని లేపి మెట్ల మీద నుంచి తోసెయ్యాలనిపించేది.

మూడు లైఫులు రెండు చెయ్యమన్నాను. మేస్త్రి చెయ్యనన్నాడు. ఇంకో మెకానిక్‌ని తెచ్చుకుంటానని బెదిరించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు వచ్చి మీటలు తిప్పాడు. "తిప్పేను. ఇంక నువ్వు ఆట అమ్మట్నేదు, ఓటమి అమ్ముతన్నావ్. అది ఎన్నాళ్ళు కొంటారో సూడు" అన్నాడు.

నెలన్నర కొన్నారు. గల్లాపెట్టె నిండింది. నేనంత తెలివైనవాడు గాజువాకలో లేడనుకున్నాను. తర్వాత మిషన్లని తన్నడం మొదలైంది. ఒక లారీ డ్రైవరు మోచేత్తో అద్దం పగలగొట్టాడు. చెయ్యి చీరుకుపోయి నేలంతా నెత్తురు కారుతున్నా పట్టించుకోకుండా ఇంకో దెబ్బ వేశాడు. ఆట సరిచెయ్యి బావ అన్నాడు మేస్త్రి. నేను ఆట సరిచెయ్యకుండా పోర్టులో మూటలు మోసే ఇద్దర్ని తెచ్చి కాపలా పెట్టాను. వాళ్ళు మొదటి వారంలోనే ఒక కూలీని గోడకేసి కొట్టారు. మర్నాడు ఊడుస్తూ మేస్త్రికి మిషన్ కింద ఒక పన్ను దొరికింది. తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ కస్టమర్ది. ఆడు మల్లీ వొత్తాడనుకుంటన్నావా?"

వాడు రాలేదు. అప్పటికే రోడ్డు అవతల ఇంకో షాపు తెరిచారు. సగం జనం అటు పోయారు. అక్కడ మూడు లైఫులు ఇస్తున్నారని తెలిసింది. నేను కూడా మళ్ళీ మూడు ఇస్తే సరిపోయేది. ఇంత చిన్న సంగతి. కానీ తప్పు ఒప్పుకుంటే తల తెగిపోతుందనుకునే రకం నేను. మెట్ల దగ్గర బోర్డు రాయించాను. ఆయుధ పూజ రోజు పోటీ, దున్నపోతుని కొట్టినవాడికి కలర్ టీవీ.

ఆ టీవీ నాది కాదు. తెలిసిన షాపాయన దగ్గర ఒక్క రోజుకని అడిగి తెచ్చి, పాలిథిన్ కాగితం తియ్యకుండా దండ వేసి పెట్టాను. ఎవడూ గెలవకూడదు. టీవీ తిరిగిచ్చెయ్యాలి. నా వ్యాపారం తెలివి అంతవరకూ వచ్చింది.

ఆటోనగర్‌లో ఆయుధ పూజ ఎలా చేస్తారో తెలియనివాళ్ళకి చెప్పాలి. సుత్తి దగ్గర్నుంచి లేతు మిషన్ దాకా అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అమ్మవారి పటం ముందు ఉంచుతారు. బూడిద గుమ్మడికాయ పగలగొడతారు. మర్నాటిదాకా ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. ఆ ఒక్కరోజు ఇనుము విశ్రాంతి తీసుకోవాలి. దాన్ని తప్పితే ఆ ఇనుమే మనిషిని కొరుకుతుందని వాళ్ళ నమ్మకం. అది తెలిసీ ఆ పొద్దున్న మేస్త్రి షెడ్డుకి వెళ్ళాను. ఆయన స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చి బొట్లు పెడుతున్నాడు.

"మేస్త్రీ, ఒక్కసారి వచ్చి మీటలు తిప్పండి. దున్నపోతు చావకూడదు" అన్నాను.

"ఇయ్యాల సామాను ముట్టుకోను బావ. రేపైనా ఆ పని సెయ్యను. సావనోడిని నిలబెట్టి జనాన్ని పిలుత్తన్నావ్. ఆలు బొమ్మని కొట్టరు, నిన్ను కొడతారు."

నేను తిట్టుకుంటూ షాపుకొచ్చి, పూజకి నిమ్మకాయలు కోసిన చాకుతో వెనక పలక ఊడదీశాను. ఏ మీట దేనికో నాకు తెలియదు. వరసలో ఉన్నవన్నీ ఒక పక్కకి తోసేశాను. పలక స్క్రూలు బిగించే ఓపిక లేక అలాగే ఆనించి వదిలేశాను.

మధ్యాహ్నానికి వర్క్‌షాపులన్నీ మూసేసి జనం వచ్చారు. ఆటోనగర్ వెల్డరు ఒకడు, కండలు తిరిగిన మనిషి, దున్నపోతుని ఎన్నిసార్లు మట్టి కరిపించాడో లెక్కలేదు. అందరూ వాడి చుట్టూ మూగారు. చివరిదాకా వెళ్ళాడు. దున్నపోతు వచ్చి రెండే దెబ్బలు కొట్టింది, ఆట ముగిసిపోయింది. రెండో లైఫు రాలేదు. ఇంకో బిళ్ళ వేశాడు. ఈసారి దున్నపోతుని మూలకి తోసి ఊపిరాడకుండా గుద్దాడు. పక్కనున్నవాళ్ళు దెబ్బలు లెక్కపెడుతున్నారు. దున్నపోతు బలం చూపించే గీత ఒక్క వెంట్రుకంత కూడా తగ్గలేదు. లెక్కపెట్టేవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆగిపోయారు.

వెల్డరు కర్ర వదిలేసి మిషన్ వెనక్కి వెళ్ళాడు. పలక చేతికి ఊడొచ్చింది.

"ఎవుడు తిప్పేడు ఇది?" గట్టిగా కూడా అనలేదు.

నా కాపలావాళ్ళిద్దరూ అందరికంటే ముందు మెట్లు దిగి పారిపోయారు. ఎవరో నా జుట్టు పట్టుకుని మొహాన్ని గల్లాపెట్టెకేసి కొట్టారు. ముందు పన్ను విరిగింది. "గోదారి నుంచొచ్చి మా నోట్లో మట్టి కొడతావా" అంటూ ఒకడు కడుపులో తన్నాడు. కింద పడ్డాను. షట్టరు దించే ఇనప కొక్కెం వెల్డరు చేతిలో ఉంది. నా తల వైపే చూస్తున్నాడు. చంపేస్తాడని తెలుస్తోంది, అరవడానికి ఊపిరి లేదు.

అప్పుడొచ్చాడు మేస్త్రి. నుదుట కుంకుమ, భుజాన కొత్త తువ్వాలు. జనాన్ని తోసుకుంటూ వచ్చి నాకూ వెల్డరుకీ మధ్య నిలబడ్డాడు.

"ఆపండి. నానే తిప్పేను."

"నువ్వా మేస్త్రీ? ఇయ్యాల?" అన్నాడు వెల్డరు.

"ఇయ్యాలే. పూజలోంచి స్క్రూడ్రైవరు తీసుకొచ్చి తిప్పేను. ఆయనకి మిషన్లో ఏటుంటాదో తెల్దు. ఒగ్గెయ్ ఆయన్ని."

మోసం కంటే ఆ మాట వాళ్ళకి ఎక్కువ తగిలింది. ఆ క్షణంలో నేను చెప్పి ఉండవచ్చు. నా నోట్లో నెత్తురుంది, మాట కూడా ఉంది. రెండూ మింగేశాను.

కొక్కెం ఆయన భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన తూలి మిషన్ మీదికి వాలాడు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఇంకొకడు గుమ్మడికాయ పగలగొట్టడానికి మెట్ల దగ్గర పెట్టిన రాయి ఎత్తి పిక్చర్ ట్యూబు మీద వేశాడు. ట్యూబు బాంబులా పేలింది. గాజు పెంకులు ఆయన మొహం నిండా దిగాయి. తర్వాత ఆరు మిషన్లూ బద్దలయ్యాయి. కలర్ టీవీని మెట్ల మీద నుంచి విసిరేశారు. ఎవడు ఏది కొట్టాడో నాకు తెలియదు. అందరూ పోయాక చూస్తే మేస్త్రి గోడకి ఆనుకుని కూర్చుని, తువ్వాలు మొహానికి అదుముకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతిదాకా కారుతోంది.

"మెయిన్ కట్టెయ్ బావ. వైర్లు బయటికున్నాయి, షాక్ కొడతాది" అన్నాడు.

పెద్దాసుపత్రిలో కన్ను తీసేశారు. పోలీసులొచ్చి అడిగితే వాళ్ళకీ అదే చెప్పాడు, నానే తిప్పేను అని. నేను మంచం పక్కన నిలబడి విన్నాను. పోలీసులు వెళ్ళాక ఎందుకిలా చేశారు మేస్త్రీ అని అడిగాను. కట్టు కట్టిన మొహం నా వైపు తిప్పాడు.

"నువ్వు బయటోడివి. నిన్నయితే సంపేసేవోరు. నాను ఆలోడినే, కొట్టి ఒగ్గేత్తారని తెలుసు. ఇంకేటి?"

అందులో గొప్పతనం ఉన్నట్టు కూడా ఆయన అనుకోలేదు. వైరు ఎక్కడ తెగితే ప్రమాదం తక్కువో చూసి అక్కడ తెంపినట్టు చెప్పాడు. నేను అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. "ఒగ్గెయ్. ఇప్పుడు సెప్తే నీ షాపూ పోద్ది, నా మాటా పోద్ది" అన్నాడు. నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

షాపు ఎలాగూ పోయింది. రోడ్డు అవతలి షాపు ఏడాది తిరక్కుండా నా దారే పట్టింది, మూడు లైఫులు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. మద్రాసు నుంచి వచ్చే బోర్డులూ అంతే. పేరు కొత్తది, అట్టపెట్టె మీద బొమ్మ కొత్తది, లోపల పాత ఆటే. మేస్త్రి ఒకసారి అలాంటి బోర్డు విప్పి, చిప్పు మీద అక్షరాలు గీకేసి ఉంటే వేలితో తడిమి, "ఈలు కూడా నీలాటోలే బావ, రేపు కనపడదు ఈలకి" అన్నాడు. ఇంటికో కంప్యూటరు వచ్చి మా వ్యాపారాన్ని చంపేసిందని ఆ రోజుల షాపులవాళ్ళందరూ అంటారు. నేనూ చాలాకాలం అన్నాను. కంప్యూటర్లు వచ్చేసరికి అక్కడ చంపడానికి ఏమీ మిగల్లేదు. మేమే పీక పిసికేశాం.

తర్వాత నేను రుషికొండ దారిలో ఇంటర్నెట్ సెంటరు పెట్టాను. ఎక్కువ కంప్యూటర్లు ఇరికించి, ఒకటే లైను అందరికీ పంచుదామనుకున్నాను. మేస్త్రి వైరింగ్‌కి వచ్చి, కుర్చీలు లెక్కపెట్టి, నా వైపు ఒంటికన్నుతో చూశాడు. నేను నాలుగు కుర్చీలు తీసేయించాను. ఆ సెంటరు తొమ్మిదేళ్ళు నడిచింది. నా పిల్లల చదువు దాంతోనే అయింది.

ఆయనకి మాత్రం ఆటోనగర్‌లో సరైన పని దొరకలేదు. ఆయుధ పూజనాడు స్క్రూడ్రైవరు పట్టినవాడి చేత మిషన్ ముట్టించడానికి షెడ్లవాళ్ళు ఒప్పుకోలేదు. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసుకుంటూ రోజూ అదే బస్సులో వచ్చి పోయేవాడు. విరిగిన భుజం సరిగ్గా అతుక్కోలేదు, సంచి కుడివైపుకే వేసుకునేవాడు. నేను ఎప్పుడు కనపడినా, "ఏటి బావ, బాగున్నావా?" అనేవాడు. ఆ పలకరింపు వినలేక కొన్నిసార్లు సందులోకి తప్పుకున్నాను.

నిన్న వాళ్ళ ఊళ్ళో పెద్దకర్మ. వెళ్ళాను. ఇంటి ముందు టెంటు వేసి, ఆటోనగర్ నుంచి వచ్చినవాళ్ళని ఒక పక్క కూర్చోబెట్టారు. ఆ వెల్డరు కూడా వచ్చాడు, జుట్టు నెరిసింది. కుర్చీ మీద మేస్త్రి పటం పెట్టారు. రెండు కళ్ళూ ఉన్నప్పటి ఫోటో. భోజనాలకి విస్తళ్ళు వేస్తున్నారు. నేను పటం ముందుకి వెళ్ళి, ఆయన భార్యతో చెప్పాను. మెల్లగా చెబుదామనుకున్నాను గానీ గొంతు పెద్దగానే వచ్చింది. అందరూ విన్నారు. ఆ రోజు మిషన్ తిప్పింది నేను, మేస్త్రి కాదు. ఆయన పనిముట్టు ముట్టుకోలేదు. నన్ను చంపబోతుంటే ఆ మాట తన మీద వేసుకున్నాడు.

మేస్త్రి తమ్ముడు లేచి వచ్చి నా చెంప మీద కొట్టాడు. వెనక్కి పడ్డాను. లేచాను. మళ్ళీ కొట్టాడు. వెల్డరు అడ్డం రాలేదు, తల దించుకుని తన చేతులకేసి చూసుకుంటున్నాడు. మూడోసారి చెయ్యి ఎత్తేసరికి మేస్త్రి భార్య ఆపింది.

"ఆ పొద్దున్న ఆడు సామాను ముట్టుకోనేదా?" అని అడిగింది.

"ముట్టుకోలేదమ్మా."

"నిజిమా?"

"నిజం. చెయ్యనన్నాడు. నేనే వెళ్ళి తిప్పాను."

"పన్నెండేళ్ళు తిట్టేను బాబూ ఆడ్ని. పూజనాడు ఇనుము ముట్టుకున్నావు, అందుకే కన్ను పోనాది, నా పిల్లల కూడు పోనాది అనీసి. కంచం కాడ తిట్టేను. పండగలకి తిట్టేను. మొన్న బస్సెక్కబోతుంటే కూడా అదే తిట్టు తిట్టి పంపేను."

తర్వాత నా వైపు చూడలేదు. పటం ముందు కూలబడి, ఆ కుర్చీ కోడు రెండు చేతులా పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. "ఒక్క ముక్క సెప్పొచ్చు గదా. నాకైనా సెప్పొచ్చు గదా. నోరు నేదా నీకు?" పటం అటూ ఇటూ ఊగుతోంది. దండ జారి నేల మీద పడింది. ఆడవాళ్ళు వచ్చి లేపబోతే వాళ్ళని విదిలించేసింది. టెంటు కింద విస్తళ్ళలో అన్నం, పప్పు వడ్డించేశారు. ఆవిడ లేచేదాకా ఎవరూ కూర్చోలేదు. వరసగా అన్ని విస్తళ్ళు, ఆవిర్లు తగ్గిపోతున్న అన్నం. ఆవిడ అడుగుతూనే ఉంది.